దుబాయా, మ్యూనిక్కా? రెండు చోట్లా కాపురం చేసిన అనుభవంతో

మీ ప్రశ్న ఇది: విజయవాడలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఇంటి మీద అప్పు, ఐదేళ్ళ పాప. దుబాయ్ కంపెనీ నెలకు 18,000 దిర్హాములు ఇస్తామంది. మ్యూనిక్ కంపెనీ ఏడాదికి 62,000 యూరోలు ఇస్తామంది. ఎక్కడ బతుకు బాగుంటుందని అడిగారు. మీరు రాసినదంతా దాదాపు జీతం గురించే. చివర్లో మాత్రం ‘నా భార్య నర్సు, ఆమె కూడా వస్తుంది’ అని ఒక్క ముక్క రాశారు. నేను ఆ ముక్క దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే అలా ‘కూడా వచ్చిన’ భార్యను నేను. 2009 నుంచి ఏడేళ్ళు దుబాయ్‌లో ఉన్నాం, 2017 నుంచి మ్యూనిక్‌లో ఉంటున్నాం. రెండు చోట్లా ముందు ఉద్యోగం వచ్చింది మా వారికే.

ఉద్యోగం చేతిలో పెట్టుకుని దిగినవారికి ఏ ఊరైనా మొదటి రోజు నుంచే సొంత ఊరవుతుంది. ఆఫీసు ఉంటుంది, పలకరించేవాళ్ళు ఉంటారు, నెల తిరగ్గానే జీతం పడుతుంది. ఆ ఊరు నిజంగా ఎలాంటిదో ఇంట్లో ఉన్న మనిషికి తెలుస్తుంది. దుబాయ్ వెళ్ళిన నాలుగో నెలకే నాకు అకౌంట్స్ ఉద్యోగం దొరికింది. బీకాం డిగ్రీ, ఇంగ్లీషు, హైదరాబాద్‌లో మూడేళ్ళ అనుభవం సరిపోయాయి. మ్యూనిక్‌లో అవే కాగితాలతో మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. ఇక్కడి లెక్కల చట్టం వేరు, పన్ను కాగితాలన్నీ జర్మన్‌లో ఉంటాయి. మొదటి చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకు ముందే పొద్దు గుంకేది. పిల్లవాడు బడి నుంచి వచ్చేదాకా, మా వారు ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను మాట్లాడిన మాటలు సూపర్‌మార్కెట్ కౌంటర్లో చెప్పే నమస్కారం, ధన్యవాదం మాత్రమే. ఆ రోజుల్లో మా ఇంటి ఆదాయం దుబాయ్‌లో కంటే తక్కువేమీ కాదు. అయినా నేను అంతగా కుంగిపోయిన కాలం నా జీవితంలో మరొకటి లేదు.

ఇప్పుడు మీ భార్య సంగతి చూద్దాం. నర్సులకు దుబాయ్‌లో దారి సూటిగా ఉంటుంది. సర్టిఫికెట్ల తనిఖీ పూర్తి చేయించుకుని, దుబాయ్ హెల్త్ అథారిటీ పరీక్ష రాయాలి. ఆ కంప్యూటర్ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయవచ్చు. లైసెన్సు అర్హత చేతికొస్తే ఉద్యోగం వెతుక్కోవచ్చు. పనంతా ఇంగ్లీషులో, హిందీలో జరిగిపోతుంది. జీతం మాత్రం గొప్పగా ఉండదు. నాకు తెలిసిన తెలుగు, మలయాళీ నర్సుల్లో ఎక్కువమందికి ప్రైవేటు ఆసుపత్రుల్లో 4,000 నుంచి 6,000 దిర్హాములు వస్తాయి. షిఫ్టు పన్నెండు గంటలు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇది కూడా తెలుసుకోండి: ప్రైవేటు ఉద్యోగంలో చట్టప్రకారం ప్రసూతి సెలవు 60 రోజులు. అందులో 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం జీతం.

జర్మనీలో నర్సుల కొరత చాలా ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి ఇక్కడికి పంపుతోంది. కానీ డిగ్రీకి గుర్తింపు రావాలంటే జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది). మన బీఎస్సీ నర్సింగ్‌ను చూసి ఫలానా భాగాలు లోటుగా ఉన్నాయని ఒక పత్రం ఇస్తారు. వాటికోసం కొన్ని నెలలు ఆసుపత్రిలో శిక్షణ పొందాలి, లేదా పరీక్ష రాయాలి. అంతవరకు సహాయకురాలి హోదాలో, తక్కువ జీతానికి పనిచేయాలి. గుర్తింపు వచ్చాక పరిస్థితి పూర్తిగా మారుతుంది. నెలకు 3,000 యూరోలకు పైనే స్థూల జీతం ఉంటుంది. ప్రసవానికి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు జీతంతో సెలవు ఉంటుంది. ఆ తర్వాత బిడ్డకు మూడేళ్ళు వచ్చేదాకా ఉద్యోగం పోకుండా సెలవు పెట్టుకునే హక్కు ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 62,000 యూరోల జీతంతో మీకు బ్లూ కార్డు, అంటే ఉన్నత అర్హతలున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, వస్తుంది. బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అవసరం లేదు. వచ్చిన రోజు నుంచి పనిచేసే హక్కు కూడా ఉంటుంది. వినడానికి బాగుంటుంది. ఆ సౌకర్యం వల్లే మాలాంటి ఎందరో ఒక్క జర్మన్ ముక్క రాకుండా దిగి, సంవత్సరాలు పోగొట్టుకున్నాం. వచ్చాక నేర్చుకుందామనుకుంటే ఇల్లు వెతకడం, పిల్ల బడి, ఆఫీసు కాగితాలతోనే ఏడాది గడిచిపోతుంది. కనీసం బీ1 దాకా విజయవాడలో ఉండగానే చదివి రావాలి. ఈ ఒక్క మాట వింటే చాలు, మిగతా జవాబంతా మీరు చదవకపోయినా ఫరవాలేదు.

ఇక డబ్బు లెక్క. దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. 18,000కు 18,000 చేతికొస్తుంది. అల్ ఖుసైస్ వైపు సాధారణమైన ఇంటికి ఏడాదికి 75,000 దిర్హాముల అద్దె వేసుకోండి, నెలకు 6,250. కరెంటు, నీళ్ళ బిల్లులోనే ఏడాది అద్దెలో 5 శాతాన్ని నెలవారీగా పంచి కలుపుతారు. ఏసీ ఖర్చుతో కలిపి నెలకు 1,000 దాటుతుంది. పాపను మధ్యస్థమైన సీబీఎస్ఈ బడిలో వేస్తే ఫీజు, బస్సు కలిపి నెలకు 1,600 దాకా అవుతుంది. తిండి, రాకపోకలు, ఫోన్లు, ఇతర ఖర్చులకు 3,500 పోతే సుమారు 5,500 దిర్హాములు మిగులుతాయి.

మ్యూనిక్‌లో నెలకు 5,167 యూరోలు అని కాగితం మీద ఉంటుంది. భార్యకు ఆదాయం లేనప్పుడు మూడో పన్ను తరగతి పెట్టుకుంటే పన్ను, పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా అన్నీ పోయి 3,600 చేతికొస్తుంది. పాపకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే 259 యూరోలు కలిపితే 3,860. ఇద్దరు మనుషులు, ఒక పాప ఉండే ఇంటికి వేడి ఖర్చుతో కలిపి 1,750 పోతుంది. అంతకంటే తక్కువకు దొరికితే అదృష్టమే. తిండికి 650, ఇద్దరికీ దేశమంతా తిరిగే బస్సు, రైలు టికెట్లు 126, కరెంటు, ఇంటర్నెట్, ప్రతి ఇంటికీ తప్పని 18 యూరోల 36 సెంట్ల రేడియో, టీవీ ప్రసార రుసుము కలిపి 130, బట్టలు, మందులు, చిల్లర ఖర్చులకు 400 తీస్తే 800 యూరోలు మిగులుతాయి.

అంటే మీ ఒక్క జీతం మీద, రెండిటినీ రూపాయల్లోకి మార్చి చూస్తే, దుబాయ్‌లో మ్యూనిక్‌కు దాదాపు ఒకటిన్నర రెట్లు మిగులుతుంది. ఇంటి అప్పు త్వరగా తీర్చడమే ముఖ్యమైతే ఈ తేడా చిన్నది కాదు. కానీ జర్మనీలో కోసుకున్న డబ్బులో ముగ్గురి వైద్యం కూడా ఉంది. సంపాదన లేని భార్యకు, పిల్లలకు విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. 60 నెలలు పింఛను చందా కడితే, తర్వాత మీరు ఏ దేశంలో ఉన్నా వయసు వచ్చాక పింఛను హక్కు నిలుస్తుంది. దుబాయ్‌లో దానికి బదులు గ్రాట్యుటీ ఉంటుంది. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, తర్వాత ఏడాదికి 30 రోజులది. మూల వేతనం అన్న మాట గమనించండి. మీ 18,000లో మూల వేతనం 9,000 మాత్రమే అని రాస్తే ఏడాదికి 6,300 దిర్హాములే జమవుతాయి. చాలా కంపెనీలు అలవెన్సుల పేరుతో మూల వేతనాన్ని తగ్గించి రాస్తాయి. సంతకం చేసేముందు ఆ విభజన రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి, మనవాళ్ళు చాలామందికి తెలియనిది. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన దాచుకునే ఎన్నారై ఖాతా) డిపాజిట్ వడ్డీ మీద భారత్‌లో పన్ను లేదు కదా అని ధీమాగా ఉంటారు. జర్మనీలో నివాసముంటే ప్రపంచంలో ఎక్కడ వచ్చిన వడ్డీ అయినా ఇక్కడ చూపించాలి. మనిషికి ఏడాదికి 1,000 యూరోల దాకా మినహాయింపు, ఆపైన 25 శాతం పన్ను, దాని మీద సర్‌చార్జీ. దుబాయ్‌లో ఈ బెడద లేదు.

ఇల్లు దొరకడం ఎక్కడ సులభమంటే దుబాయ్‌లోనే. బ్రోకరు ఒక్క మధ్యాహ్నంలో ఆరు ఇళ్ళు చూపిస్తాడు. కాకపోతే మొదట్లోనే డబ్బు గట్టిగా కావాలి: ఏడాది అద్దెను ఒకటి నుంచి నాలుగు చెక్కుల్లో ముందే రాసివ్వడం, 5 శాతం డిపాజిట్, 5 శాతం బ్రోకరు కమిషన్, కరెంటుకు 2,000 దిర్హాముల డిపాజిట్. మ్యూనిక్‌లో ఇంటికోసం మేము ఐదు నెలలు తిరిగాం. ఒక్కో ఇల్లు చూడటానికి ముప్ఫై కుటుంబాలు మెట్ల మీద వరుసలో నిలబడేవి. చివరికి డిసెంబరులో తాళాలు చేతికొచ్చాయి. తలుపు తీసి వంటగదిలోకి వెళ్తే గోడలోంచి రెండు గొట్టాలు, మూడు తీగలు మాత్రం బయటికి వచ్చి ఉన్నాయి. సింకు లేదు, పొయ్యి లేదు, గట్టు లేదు, దీపం కూడా లేదు. ఇక్కడ చాలా ఇళ్ళు అలాగే ఇస్తారని, వంటగది మనమే కొని బిగించుకోవాలని మాకెవరూ చెప్పలేదు. ఐదు వారాలు నేల మీద ఎలక్ట్రిక్ పొయ్యి పెట్టుకుని వండాను, గిన్నెలు స్నానాల గదిలో కడిగాను. వంటగదికి కనీసం 3,000 యూరోలు విడిగా ఉంచుకోండి. దీనికి తోడు మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ ఉంటుంది. వేడి ఖర్చు కలపని అద్దె ఒకటి, కలిపిన అద్దె ఒకటి అని రెండు అంకెలు ఉంటాయి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటిది.

ఇంట్లోకి వచ్చాక ఇంకో పాఠం. చలికి భయపడి మేము కిటికీలు తెరవలేదు. మన వంట సంగతి తెలిసిందే, అన్నం ఆవిరి, పప్పు ఉడుకు, తాలింపు. ఫిబ్రవరిలో బీరువా జరిపి చూస్తే వెనక బయటి గోడంతా నల్లటి బూజు. నా పెళ్ళి పట్టుచీర అంచుకు కూడా పాకింది. రోజుకు రెండు మూడుసార్లు, ఎంత చలిగా ఉన్నా, అన్ని కిటికీలు ఐదు పది నిమిషాలు బార్లా తెరవాలి. బీరువాలను బయటి గోడకు ఆనించకూడదు. గోడ పాడైతే ఇంటి యజమాని నష్టపరిహారం అడుగుతాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, రాత్రి పది దాటాకా, ఆదివారమంతా మిక్సీ, వాషింగ్ మెషిన్ శబ్దం వినపడకూడదు. ఇడ్లీ పిండి శనివారం సాయంత్రమే రుబ్బుకోవడం ఇప్పుడు అలవాటైంది.

పాప సంగతికి వస్తే, ఆమె వయసు మీకు కలిసొచ్చే అంశం. మా అబ్బాయి ఎనిమిదేళ్ళవాడై మ్యూనిక్ వచ్చాడు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో నాలుగో తరగతిలోనే పిల్లల దారి నిర్ణయమవుతుంది. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే గిమ్నాజియుం అనే ఉన్నత బడికి నేరుగా పంపుతారు. ఇక్కడ 1 అంటే అన్నిటికంటే మంచి మార్కు. లెక్కల్లో వాడికి ఎప్పుడూ 1 వచ్చేది, భాష మాత్రం అందలేదు. సగటు 2.66 దగ్గర ఆగి రియాల్‌షూలె అనే మధ్యస్థాయి బడిలో చేరాడు. తర్వాత బాగా చదివి పైకి వచ్చాడు, అది వేరే సంగతి. కానీ పదేళ్ళ పిల్లవాడు ‘అమ్మా, నేను తెలివితక్కువవాడినా’ అని అడిగిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ పాపకు ఐదేళ్ళు. ఒక ఏడాది కిండర్‌గార్టెన్‌లో ఆడుకుంటూనే భాష వచ్చేస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలున్న వారికైతే నేను ఇంత ధైర్యంగా చెప్పను.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇక్కడి చిన్న తరగతుల బడి పదకొండున్నరకో, పన్నెండుంబావుకో వదిలేస్తారు. తర్వాత పిల్లలను చూసుకునే కేంద్రంలో చోటు దొరకకపోతే తల్లో తండ్రో ఇంట్లో ఉండాల్సిందే, సాధారణంగా తల్లే ఉండిపోతుంది. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకు రోజంతా సంరక్షణ పొందే చట్టబద్ధమైన హక్కు మొదలవుతోంది. ఇల్లు చూసుకునేముందే ఆ పేటలోని బడిలో చోట్లు ఎలా ఉన్నాయో అడగండి. మీ భార్య ఆసుపత్రి ఉద్యోగం దీని మీదే ఆధారపడుతుంది.

దుబాయ్‌లో సీబీఎస్ఈ బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఏ తరగతిలో వెనక్కి వచ్చినా విజయవాడలో అతుక్కుపోతుంది. ఐదేళ్ళకు తిరిగి వచ్చేవారికి ఇంతకంటే మంచి సౌకర్యం లేదు. ఎండాకాలం నాలుగు నెలలు పిల్లలు ఏసీ గదుల్లోనే పెరుగుతారన్నది ఒక్కటే నాకు బాధగా ఉండేది.

ఇప్పుడు, ఎవరూ అడగని ప్రశ్న. ఉద్యోగం పోతే ఏమవుతుంది?

2016లో ఒక గురువారం సాయంత్రం, అప్పట్లో అక్కడ వారాంతం శుక్ర, శని, మా వారు మామూలు కంటే గంట ముందు ఇంటికొచ్చారు. చెప్పులు విడవకుండానే గుమ్మంలో కూర్చున్నారు. విభాగమే ఎత్తేశారట. నా వీసా, బాబు వీసా రెండూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన వీసా రద్దయిన రోజు నుంచి అప్పటి నిబంధన ప్రకారం 30 రోజులు. బాబు బడి సంవత్సరం మధ్యలో ఉంది, అద్దె చెక్కులు రెండు యజమాని దగ్గర ఉన్నాయి. ఏడేళ్ళ సంసారాన్ని మూడు వారాల్లో అమ్మేశాం. వాషింగ్ మెషిన్ 200 దిర్హాములకు పోయింది. ఇప్పుడు నిబంధనలు మెరుగయ్యాయి. వీసా రకాన్ని బట్టి 180 రోజుల దాకా గడువు ఇస్తున్నారు. 2023 నుంచి తప్పనిసరి చేసిన ఉద్యోగ నష్ట బీమా కింద, 12 నెలలు చందా కట్టి ఉంటే మూల వేతనంలో 60 శాతం మూడు నెలల దాకా ఇస్తారు. అయినా అక్కడ మీరుండటం ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోకుండా మిగిలిందంతా ఇంటికి పంపేయకండి. మేము చేసిన తప్పు అదే.

2020లో మ్యూనిక్‌లో మా వారి కంపెనీ ఐదు నెలలు పని గంటలు తగ్గించింది. తగ్గిన జీతంలో పెద్ద భాగాన్ని ప్రభుత్వ నిరుద్యోగ బీమా నుంచి ఇచ్చారు. వీసా గురించి ఎవరూ ఒక్క ఉత్తరం రాయలేదు. ఉద్యోగం పూర్తిగా పోయినా, అంతకుముందు 12 నెలలు చందా కట్టి ఉంటే, పిల్లలున్నవారికి చేతికొచ్చే జీతంలో 67 శాతం భృతి ఉంటుంది. అయితే మొదటి ఆరు నెలలు ఇక్కడా రక్షణ తక్కువే, పరీక్షా కాలంలో రెండు వారాల నోటీసుతో పంపేయవచ్చు. బ్లూ కార్డు మీద బీ1 జర్మన్ ఉంటే 21 నెలలకు, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలకు స్థిర నివాస అనుమతి వస్తుంది. అది వచ్చిన రోజు రాత్రి మా వారు తొమ్మిది గంటలకే నిద్రపోయారు. అంతకుముందు ఆయన అలా పడుకోగా నేను చూడలేదు.

తల్లిదండ్రుల విషయంలో దుబాయ్‌దే పైచేయి. మా అత్తగారు జారిపడి తుంటి విరిగిందని ఫోన్ వచ్చినప్పుడు మా వారు తెల్లవారుజామున విమానమెక్కి మధ్యాహ్నానికి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారు. హైదరాబాద్‌కు నాలుగు గంటల ప్రయాణమే కదా. మ్యూనిక్ నుంచి మా నాన్న చివరి రోజుల్లో బయల్దేరితే రెండు విమానాలు మారి చేరేసరికి మరుసటి రోజు సాయంత్రమైంది. పెద్దవాళ్ళను చూడటానికి పిలిపించాలన్నా షెంగెన్ వీసాకు 30,000 యూరోల బీమా, కాగితాల కట్ట, ఎక్కువలో ఎక్కువ 90 రోజులు.

ఇవన్నీ చెప్పాక నా అభిప్రాయం దాచుకోను. అప్పు తీర్చుకుని ఐదారేళ్ళలో విజయవాడ వచ్చేయాలన్నది మీ ఇద్దరి గట్టి నిర్ణయమైతే దుబాయ్ వెళ్ళండి, ఒక్క రోజు కూడా సందేహించకండి. అలాంటి నిర్ణయమేదీ ఇంకా లేకపోతే, పాప వయసు, ఆమె తల్లి వృత్తి చూసి నేను మ్యూనిక్ అంటాను. అయితే ఒక షరతు. మీ భార్య జర్మన్ నేర్చుకోవడానికి మనసారా ఒప్పుకోవాలి. మీరు ఒప్పించడం కాదు, ఆమె ఒప్పుకోవాలి. ఆమె వద్దంటే దుబాయ్‌లోనే మీ సంసారం బాగుంటుంది.

జవాబు ఇవ్వడానికి రెండు వారాలు గడువుందన్నారు. ఈలోగా దుబాయ్ కంపెనీని మూల వేతనం ఎంతో, భార్యకూ పాపకూ ఆరోగ్య బీమా వాళ్ళే కడతారో లేదో, బడి ఫీజు ఏమైనా ఇస్తారో అడగండి. మ్యూనిక్ కంపెనీని మొదటి మూడు నెలలు ఉండటానికి ఇల్లు ఇస్తారా, చేరే తేదీని నాలుగు నెలలు వెనక్కి జరుపుతారా, భార్య భాషా తరగతుల ఖర్చు భరిస్తారా అని అడగండి. చేరే తేదీ జరిపితే ఆ నాలుగు నెలలూ ఆమె చదువుకు దొరుకుతాయి. వాళ్ళ జవాబులతో పాటు మీ భార్య ఏమన్నారో కూడా రాయండి, లెక్క మళ్ళీ కలిసి వేద్దాం.